మధ్యయుగాంత ఇంగ్లండులో ఇనుము: ఉత్పత్తి, దిగుమతి

1354లో ఇంగ్లండు పార్లమెంటు ఇనుముపై ఒక శాసనం చేసింది. దేశంలో తయారైన ఇనుమును గాని, బయటి నుండి తెచ్చి దేశంలో అమ్మిన ఇనుమును గాని తిరిగి ఎగుమతి చేయరాదని, అధిక ధరకు అమ్మేవారిపై విచారణ జరపాలని దాని సారాంశం. ఇందులో నిషేధం కన్నా గమనించదగినది, దిగుమతి ఇనుమును స్వదేశీ ఇనుముతో పాటు పేర్కొనడం. దక్షిణాన వీల్డ్‌లోను, పశ్చిమాన డీన్ అడవిలోను, ఉత్తరాన డర్హం లోయల్లోను ఖనిజానికి కొదవ లేదు. అయినా స్పెయిన్‌లోని బాస్క్ తీరం నుండి, బాల్టిక్ రేవుల మీదుగా స్వీడన్ నుండి ఇనుము వచ్చేది. దీనిని కేవలం సాంకేతిక వెనుకబాటుగా భావించడం తొందరపాటే అవుతుంది.

ఆనాటి బ్లూమరీ కొలిమిలో ఇనుము పూర్తిగా కరిగేది కాదు. చిట్టెంతో కలిసిన ముద్దగా తయారయ్యేది. దానిని పదేపదే కాల్చి, సుత్తులతో కొట్టి చిట్టెం తొలగించేవారు. ఖనిజం చవకే, కాని కట్టెబొగ్గుకు, కూలికి ఖర్చు ఎక్కువ. 1348–49 నాటి ప్లేగు తరువాత కూలీలు తగ్గి వేతనాలు పెరిగాయి. కెంట్‌లోని ట్యూడ్లీ కొలిమి లెక్కల్లో ఆ భారం స్పష్టంగా కనిపిస్తుంది. పై శాసనం వెలువడినది కూడా ఈ కాలంలోనే.

ఉత్పత్తి తీరును సన్నిహితంగా చూపే ఆధారం డర్హం బిషప్ థామస్ లాంగ్లీకి చెందిన బర్క్‌నాట్ కొలిమి లెక్క (1408–09). అక్కడ తిత్తులను నీటి చక్రం నడిపేది. ఒక్కో ముద్ద బరువు 195 పౌండ్లు, అంటే దాదాపు 88 కిలోలు. పనివారి భార్యలు ఖనిజం పగలగొట్టడం వంటి పనులకు కూలి పొందినట్లు ఆ లెక్క తెలుపుతుంది. వృత్తి చరిత్రలు సాధారణంగా విస్మరించే శ్రమ ఇది.

దిగుమతికి నాణ్యత మరొక కారణం. భాస్వరం ఎక్కువగా ఉన్న ఖనిజం నుండి వచ్చిన ఇనుము చల్లారాక పెళుసుగా ఉంటుంది. బిల్బావో పరిసరాల ఖనిజంలో భాస్వరం తక్కువ. పైగా బరువైన సరుకును బండ్లపై దేశం లోపలి దారుల్లో తరలించడం కన్నా ఓడలో రేవుకు చేర్చడం చవక. అందువల్ల బ్రిస్టల్, లండన్ కమ్మరులకు బాస్క్ ఇనుము డర్హం ఇనుము కన్నా ఆర్థికంగా దగ్గరిది.

1496లో ఏడవ హెన్రీ స్కాట్లండుతో యుద్ధానికి సిద్ధమవుతూ, ఫిరంగి దళానికి కావలసిన ఇనుప సామగ్రి కోసం ఆష్‌డౌన్ అడవిలోని న్యూబ్రిడ్జ్ వద్ద బ్లాస్ట్ ఫర్నేసు నెలకొల్పించాడు. ఇంగ్లండులోని తొలి బ్లాస్ట్ ఫర్నేసుల్లో ఇది ఒకటి. అందులో పోత ఇనుము ద్రవంగా ప్రవహించింది. వీల్డ్‌లో ఆ పని తెలిసినవారు ఫ్రాన్సు నుండి వచ్చారు.