రెండు ఆలస్యాల కథ

రివర్బ్ ప్లగిన్ ఏది తెరిచినా టెయిల్, ప్రీడిలే అని రెండు నాబ్‌లు ఉంటాయి. లేటెన్సీ గొడవ ఎలాగూ తప్పదు. ప్రీడిలే, లేటెన్సీ రెండూ మిల్లీసెకన్లలో కొలిచే ఆలస్యాలే. మరి ఒకదాన్ని కావాలని పెట్టుకుని, రెండోదాన్ని తిట్టుకుంటాం ఎందుకు? కాస్త చరిత్రలోకి వెళ్తే తెలుస్తుంది.

ముందు టెయిల్. 1895లో హార్వర్డ్‌లో ఫాగ్ మ్యూజియం లెక్చర్ హాలు కొత్తగా కట్టారు. అక్కడ ఒక మాట అంటే అయిదున్నర సెకన్లు మోగుతూనే ఉండేది, పాఠం ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. దాని సంగతేంటో చూడమని వాలెస్ సాబిన్ అనే యువ అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన వేరే థియేటర్ సీట్ల మెత్తలు రాత్రిళ్ళు మోయించుకొచ్చి, హాల్లో పరిచి, మోత ఎంతసేపట్లో చచ్చిపోతోందో కొలిచాడు. శబ్దం 60 డెసిబెల్స్ తగ్గడానికి పట్టే సమయం అనే ఇప్పటి లెక్క అక్కణ్ణుంచి వచ్చిందే.

సాబిన్ తగ్గించడానికి తంటాలు పడిన మోతనే రికార్డింగ్ వాళ్ళు కావాలని తెచ్చుకున్నారు. 1947లో చికాగోలో బిల్ పట్నమ్, హార్మోనికాట్స్ బృందం రికార్డు కోసం ఏకంగా బాత్రూంలో స్పీకరూ మైకూ పెట్టాడు. 1957లో జర్మనీ నుంచి ఈఎంటీ 140 వచ్చింది. పెద్ద ఉక్కు రేకు, పక్కన డంపర్ పలక. పలకను దగ్గరికి జరిపితే టెయిల్ తగ్గుతుంది. అంతే.

చిక్కేమిటంటే, రేకు వెంటనే మోగుతుంది. నిజం హాల్లో అలా జరగదు. ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. అయిదు మీటర్ల దూరంలోని గోడకు వెళ్ళి రావడానికి దాదాపు 29 మిల్లీసెకన్లు కావాలి. ఆ సందులోనే మాట స్పష్టంగా వినబడేది. అందుకే రేకుకు పంపేముందు గొంతును టేప్ మెషీన్ గుండా తిప్పి ఆలస్యం చేసేవారు. ప్రీడిలే అంటే అదే.

లేటెన్సీ కంప్యూటర్ తెచ్చిపెట్టింది. 256 శాంపిళ్ళ బఫర్, 44,100 రేటు అయితే ఒకవైపే 5.8 మిల్లీసెకన్లు. హాలు మోతను కాన్వల్యూషన్‌తో లెక్కగట్టాలంటే ఇంకా కష్టం. పెద్ద బ్లాకులైతే ప్రాసెసర్‌కి సుఖం, కానీ బ్లాకు నిండేదాకా ఆగాలి. 1995లో విలియం గార్డ్‌నర్ దారి చూపించాడు. టెయిల్ మొదటి భాగానికి చిన్న ముక్కలు, తర్వాతి భాగాలకు పెద్ద ముక్కలు. రెండో సెకను మోత రెండో సెకనుకి అందితే చాలు కదా!

"ఎలాగూ 20 ప్రీడిలే పెడుతున్నాం, 10 లేటెన్సీ ఉంటే ఏం కొంప మునిగింది?" అనేవాళ్ళున్నారు. మునుగుతుంది. ప్రీడిలే మోతను మాత్రమే వెనక్కి జరుపుతుంది. లేటెన్సీ గాయని హెడ్‌ఫోన్లో వినే తన సొంత గొంతునే వెనక్కి లాగుతుంది. ఆమె తడబడితే మనం తాళజ్ఞానం లేదంటాం. ముందు బఫర్ సైజు చూడండి.