పామును పురుగన్నట్టు

1987 నవంబరు 18, బుధవారం. లండన్‌లో రాత్రి ఏడున్నర కావస్తోంది. కింగ్స్ క్రాస్ భూగర్భ స్టేషన్లో సాయంత్రపు రద్దీ తగ్గుముఖం పట్టింది గాని జనం పలచబడలేదు. ఒక రైలు దిగి ఇంకో రైలు అందుకునే చోటు అది. పిక్కడిల్లీ, నార్తర్న్, విక్టోరియా లైన్లు బాగా లోతున నడుస్తాయి. మెట్రోపాలిటన్, సర్కిల్ వంటివి వాటికి పైన. అప్పట్లో లోతు లైన్ల ఎస్కలేటర్లన్నీ పైకొచ్చి ఒకే టికెట్ హాల్లో తేలేవి.

పిక్కడిల్లీ నుంచి పైకొచ్చే నాలుగో నంబరు ఎస్కలేటరు రెండో ప్రపంచయుద్ధం నాటి తరానిది. మెట్లు చెక్కవి, పక్క పలకలూ చెక్కవే. భూగర్భ స్టేషన్లలో పొగతాగడం 1985లోనే నిషేధించారు. అయినా బయటికి పోతున్నామన్న ఆత్రంలో ఎస్కలేటరు మీదే సిగరెట్టు ముట్టించేవాళ్లకు కొదవలేదు. అలా గీసిన ఒక అగ్గిపుల్ల మెట్లకూ పక్క పలకకూ మధ్య సందులోంచి కిందికి జారింది. అక్కడ ఏళ్ల తరబడి పేరుకున్న గ్రీజు, దుమ్ము, వెంట్రుకలు, చాక్లెట్ కాగితాలు.

ఒక ప్రయాణికుడు తన కాళ్ల కింద వెలుగు చూశాడు. పైకెళ్లి సిబ్బందికి చెప్పాడు.

చిత్రమేమిటంటే, అప్పటి లండన్ అండర్‌గ్రౌండ్ వాడుకలో ఇలాంటిది అగ్నిప్రమాదం కాదు. ‘స్మౌల్డరింగ్’. అంటే మంట కాదు, ఊరికే కమురుతోందని. మన పల్లెల్లో రాత్రిపూట పామును పాము అనరు, పురుగంటారు. పేరెత్తితే వస్తుందని భయం. వీళ్లకు భయం కూడా లేదు, అలవాటు. ఇంత పాత రైలు వ్యవస్థలో అప్పుడప్పుడు ఏదో ఒకటి అంటుకోవడం మామూలే అనుకున్నారు. ఎస్కలేటరు కింద నీటి తుంపర చల్లే ఏర్పాటుంది. తిప్పాల్సింది ఒక్క మర. దాన్ని వాడటంలో సిబ్బందికి తర్ఫీదు లేదు. ఆ రాత్రి ఎవరూ తిప్పలేదు.

అక్కడున్న పోలీసుల రేడియో నేల కింద పలకదు. ఒకతను కబురందించడానికి వీధిలోకి పరుగెత్తాడు. లోపల మిగతావాళ్లు ప్రయాణికులను విక్టోరియా ఎస్కలేటర్ల మీదుగా పైకి మళ్లించారు. చేసింది మంచికే. కానీ ఆ దారి చేరేది కూడా అదే టికెట్ హాలుకే. రైళ్లు ఇంకా ఆగుతున్నాయి, జనం దిగుతున్నారు.

7:42కు అగ్నిమాపక దళం వచ్చింది. మంట అప్పటికి ఒక పెద్ద అట్టపెట్టె అంత. సోహో ఫైర్ స్టేషన్ అధికారి కాలిన్ టౌన్స్లీ హాల్లోనే ఉన్నాడు.

7:45.

మంట పైకి లేవాలి కదా? లేవలేదు, పడుకుంది. ముప్పై డిగ్రీల వాలులో, రెండు చెక్క పలకల మధ్య కాలువలా ఉన్న ఎస్కలేటరులో అది మెట్లను అంటిపెట్టుకుని పాకింది. పైమెట్లు వేడెక్కి ఆవిర్లు కక్కాయి. అన్నీ ఒక్కసారి అంటుకుని నిప్పు ధారకట్టి హాల్లోకి ఎగజిమ్మింది. తర్వాత కంప్యూటర్ లెక్క ‘మంట పడుకుంటుంది’ అని తేల్చినప్పుడు నిపుణులే నమ్మలేక, చిన్న నమూనా కట్టి తగలబెట్టి చూశారు. అదీ అలాగే పడుకుంది.

31 మంది పోయారు. వాళ్లలో టౌన్స్లీ ఒకడు. వీధిలోకి పోయే మెట్ల దగ్గర, తీవ్రంగా కాలిన ఒక మహిళ పక్కన అతని దేహం దొరికింది. ఆమెను తీసుకుపోవడానికే ఆగాడని అంటారు. శ్వాస పరికరం కూడా లేదతనికి.

డెస్మండ్ ఫెన్నెల్ విచారణ నివేదిక ఏడాదికి వచ్చింది. ఆ నిర్లిప్తతను కడిగేసింది. పైపదవుల్లో ఉన్నవాళ్లు దిగిపోయారు. చెక్క ఎస్కలేటర్లు ఒక్కొక్కటే పోయాయి. నేల మీది ప్లాట్‌ఫారానికి ఎక్కించే గ్రీన్‌ఫర్డ్‌ది మాత్రం 2014 దాకా తిరిగింది.

30 మంది పేర్లు తెలిశాయి. ఒకరు మాత్రం మార్చురీ చీటీ మీది 115 అనే అంకెగానే మిగిలిపోయాడు. వయసు అరవైలోపే అనుకుని వెతికారు. 2004లో తేలింది, ఆయన డెబ్బై దాటినవాడని. భార్య పోయాక స్కాట్లాండు వదిలి లండన్ వీధుల్లో బతికిన మనిషి. ఎప్పుడో మెదడు ఆపరేషన్లో తలలో వేసిన చిన్న లోహపు క్లిప్పు ఆయన్ను పట్టిచ్చింది. ఆయన ఎక్కడున్నాడో కూతుళ్లకు తెలియడానికి పదహారేళ్లు పట్టింది.