ఇక చేసేదేమీ లేదన్న తర్వాత



నంద్యాలలోనో, ఆళ్ళగడ్డలోనో ఒక ఇంట్లో పెద్దావిడకు క్యాన్సర్ ముదిరిందనుకోండి. కర్నూలుకూ హైదరాబాదుకూ తిప్పుతారు. చివరకు ఒకరోజు, "ఇక చేసేదేమీ లేదమ్మా, ఇంటికి తీసుకుపోండి" అంటారు. సరే, తీసుకొస్తాం. రాత్రంతా ఆమె మూలుగుతూ ఉంటే పక్కన కూర్చునేదెవరు? మనమే కదా! చేసేది చాలా ఉందని చెప్పేదే హాస్పిస్.

లండనులో సిసిలీ సాండర్స్ అని ఒకావిడ మొదట నర్సు. 1948లో డేవిడ్ టాస్మా అనే రోగి, ఆవిడ కట్టాలనుకున్న ఇంటికోసం 500 పౌండ్లు రాసిపెట్టి కన్నుమూశాడు. బాధపడేవారి తరఫున మాట్లాడితే వినాలంటే డాక్టరు కావాలని ఆవిడ మళ్ళీ చదువుకు కూర్చున్నారు. 1957లో, నలభైకి దగ్గరపడ్డాక డాక్టరయ్యారు. 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. నొప్పి భరించలేక అడిగాక కాదు, అది తిరగబెట్టకముందే వేళకు మందివ్వాలన్నారు. మనసులోని దిగులూ, ఇంటివాళ్ళ బెంగా కూడా నొప్పిలో భాగమేనన్నారు.

మన దేశంలో 1986లో బొంబాయిలో శాంతి అవేదన సదన్ వెలిసింది. కానీ 1985లో వచ్చిన మత్తుమందుల చట్టంవల్ల మార్ఫిన్ దొరకడం గగనమైంది. 2014లో ఆ చట్టాన్ని సవరించి కాస్త సులువు చేశారు. ఈలోగా 1993లో కేరళలోని కోజికోడులో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ మొదలైనవారు ఒక సంఘం పెట్టారు. అక్కడ ఇరుగుపొరుగువాళ్ళే నేర్చుకుని రోగుల ఇళ్ళకు వెళ్ళసాగారు. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది. 2011లో స్పర్శ్ హాస్పిస్ కూడా మొదలైంది.

మరి మనం ఎలా మొదలుపెట్టాలి? చివరి రోజులదాకా ఆగకండి. వైద్యం జరుగుతుండగానే, "నొప్పి తగ్గించే పాలియేటివ్ కేర్ ఎక్కడుంది? అక్కడికి చీటీ రాసివ్వండి" అని డాక్టరుగారిని నోరు తెరిచి అడగండి. రిపోర్టులన్నీ ఒకే సంచిలో పెట్టుకోండి. నొప్పి ఏ వేళకు, ఎంతగా వస్తోందో ఒక నోటుబుక్కులో రాయండి. ఇంటికి వచ్చి చూస్తారా అని కనుక్కోండి. డాక్టరు చెప్పిన మోతాదులో నొప్పికి మార్ఫిన్ వాడితే మత్తుకు బానిసవడం అరుదు. మలబద్ధకం మాత్రం వస్తుంది, దానికీ మందు అడిగి తీసుకోండి. అన్నిటికన్నా ముందు, ఆమెకేం కావాలో ఆమెనే అడగండి.

హాస్పిస్ అంటే మనిషిని వదిలేయడం కాదు. చివరిదాకా చేయి పట్టుకోవడం. ఆ చేయి పట్టుకున్న ఇల్లాలికీ కాస్త ఊపిరి ఆడనివ్వడం.