సత్యపరీక్ష గింజ

ఆఫ్రికా పశ్చిమతీరమున, నేటి నైజీరియాలో, కలబారు అను పట్టణము కలదు. అచటి ఎఫిక్ ప్రజలు పూర్వము ఎసెరె అను తీగ గింజలతో సత్యపరీక్ష చేయుచుండిరి. నేరము మోపబడినవాడు ఆ గింజల రసము త్రాగవలెను. వమనమై బ్రతికినచో నిర్దోషి, మరణించినచో దోషి. ఇట్లు నిరపరాధులెందరో బలియైరి.

క్రైస్తవ మతప్రచారకుల మూలమున ఆ గింజలు స్కాట్లండు చేరెను. 1855లో ఎడింబరో వైద్యాచార్యుడు క్రిస్టిసన్ ఒక గింజముక్కను తానే తిని చూచెను. అవయవములు పట్టుదప్పగా, క్షౌరమునకై యుంచిన నీటిని త్రాగి, వమనము చేసికొని ప్రాణము దక్కించుకొనెను. పిదప ఆయన శిష్యుడు ఫ్రేజర్, ఆ సారము కనుపాపను ముకుళింపజేయునని కనుగొనెను. 1864లో జర్మనులగు జాబ్‌స్ట్, హెస్సెలు దానినుండి ఫైసాస్టిగ్మిన్ అను ద్రవ్యమును వేరుపరచిరి. 1877లో లాక్వర్ దానిని నీటికాసుల వ్యాధికి వాడెను. కంటిలోని ఒత్తిడి తగ్గెను. 1935లో అమెరికాయందు, బానిసల మనుమడగు పెర్సీ జూలియన్, సహచరునితో గూడి, ఆ ద్రవ్యమును రసాయనశాలలోనే నిర్మించెను.

గింజ బలమును మొదట ఎరిగినవారు ఎఫిక్ ప్రజలే. అయినను వారు గింజచే మనుష్యుని పరీక్షించిరి. తరువాతివారు గింజనే పరీక్షించిరి. మన పెరటి మూలికకును ఇదియే న్యాయము. గుణము, మోతాదు తేలనిదే రోగికీయరాదు.