ఇనుములో వెతుక్కున్న సుఖం

ఇటలీలో సైకిల్ ఫ్రేములు చేయడంలో పేరు మోసినవాడు ఆంతోనియో మొండోనికో. 1990లలో ఒక అమెరికన్ సైకిల్ పత్రిక ఆయన చేత ఏడు ఫ్రేములు చేయించింది. కొలతలన్నీ ఒకటే, ట్యూబులే వేరు. కొలంబస్ కంపెనీ అమ్మే మామూలు ఉక్కు నుంచి అత్యంత ఖరీదైన ఉక్కు దాకా ఒక్కో ఫ్రేముకు ఒక్కో రకం. ఏది దేనితో చేశారో చెప్పకుండా తొక్కమన్నారు. తొక్కినవాడు తేడా పట్టుకోలేకపోయాడు.

ఈ సంగతి తెలిసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. ఈ ఉక్కు మెత్తన, ఆ ఉక్కు హుషారు అని రేసు సైకిళ్ల అభిమానులు దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. కానీ ఉక్కులో మాంగనీసు కలిపినా మాలిబ్డినం కలిపినా పెరిగేది బలం. బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం, దాదాపు మారదు. బలమైన ఉక్కుతో ట్యూబు గోడ పలచన చేయొచ్చు, బరువు తగ్గించవచ్చు, అంతే.

మరి అల్యూమినియం ఫ్రేము ఒళ్లు హూనం చేస్తుందన్న పేరు ఎందుకొచ్చింది? లోహంగా చూస్తే దాని బిగువు ఉక్కులో మూడో వంతే. అసలు కారణం ట్యూబు లావు. గోడ మందం మార్చకుండా ట్యూబు వ్యాసం రెట్టింపు చేస్తే బిగువు ఎనిమిది రెట్లవుతుంది. 1983లో అమెరికాలో క్యానన్‌డేల్ లావుపాటి అల్యూమినియం ట్యూబులతో ఫ్రేము తెచ్చింది. అంతకు ముందే ఫ్రాన్సులో వితూస్ 979 అనే ఫ్రేముకు సన్నటి అల్యూమినియం ట్యూబులను జిగురుతో అతికించారు. ఐర్లండు వీరుడు షాన్ కెల్లీ దాని మీద ఎన్నో పందేలు గెలిచాడు. దాని మీద వచ్చిన ఫిర్యాదు మరీ ఊగుతుందని! ఒకే లోహానికి రెండు విరుద్ధమైన పేర్లు వచ్చాయి.

ఇక పైనుంచి పడే బరువు సంగతి. సైకిల్ ఫ్రేము రెండు త్రిభుజాల జోడింపు కాబట్టి ఆ దిశలో అది వంగదు గాక వంగదు. చక్రం గుంటలో పడ్డప్పుడు ముందుగా లొంగేది టైరు. అందుకే సుఖం చరిత్ర వెతకాలంటే ఫ్రేము కార్ఖానా వదిలి బెల్‌ఫాస్ట్‌లో ఒక పశువైద్యుడి పెరట్లోకి వెళ్లాలి.

ఆ పెరట్లో జరిగినదానికి కొంచెం ముందు, 1885లో, లండన్‌లో లిన్లీ, బిగ్స్ అనే ఇద్దరు విప్పెట్ అనే సైకిల్ చేశారు. అప్పుడు టైర్లంటే గట్టి రబ్బరు దిమ్మెలే. దారిలోని ప్రతి రాయీ నేరుగా వెన్నుపూసకు తగిలేది. విప్పెట్‌లో సీటు, హ్యాండిల్, పెడళ్లు మూడూ ఒక బిగువైన భాగం మీద ఉంటాయి. మిగతా బండి స్ప్రింగు మీద కిందికీ పైకీ ఆడుతుంది. ఎంతో తెలివైన పని. మూడేళ్లలోనే దాని అవసరం తీరిపోయే రోజు వచ్చింది.

స్కాట్లండులో పుట్టి బెల్‌ఫాస్ట్‌లో స్థిరపడిన ఆ పశువైద్యుడు జాన్ బాయ్డ్ డన్‌లప్‌కు ఒక కొడుకున్నాడు. గతుకుల్లో తొక్కలేక ఇబ్బంది పడుతున్న ఆ పిల్లవాడి మూడు చక్రాల బండి కోసం ఆయన ఒక చెక్క బిళ్ల చుట్టూ పలచటి రబ్బరు గొట్టం బిగించి, ఫుట్‌బాల్ పంపుతో గాలి కొట్టాడు. దాన్నీ, బండికున్న లోహపు చక్రాన్నీ పెరట్లో దొర్లించి చూశాడు. లోహపు చక్రం కాసేపటికే పడిపోయింది. గాలి చక్రం పెరడంతా దాటి, గేటు స్తంభానికి కొట్టుకుని వెనక్కి వచ్చింది. 1888 డిసెంబరులో పేటెంటు దక్కింది.

గాలి టైరు మెత్తన కాబట్టి నెమ్మదిస్తుందని ఎవరైనా అనుకుంటారు. 1889 మే 18న బెల్‌ఫాస్ట్ క్వీన్స్ కాలేజీ మైదానంలో విల్లీ హ్యూమ్ అనే రైడరు ఆ టైర్ల మీద తాను దిగిన నాలుగు పందేలూ గెలిచాడు. ఓడినవాళ్లలో డబ్లిన్ వ్యాపారి హార్వే డు క్రో కొడుకులున్నారు. ఆ తండ్రి కొడుకులను ఓడించిన టైరు మీదే పెట్టుబడి పెట్టాడు. కొద్దికాలానికి పిడుగులాంటి వార్త: రాబర్ట్ విలియం థామ్సన్ అనే మరో స్కాట్లండు వ్యక్తి 1845లోనే గాలి చక్రానికి పేటెంటు తీసుకున్నాడు! ఆయన తోలు తొడుగు టైర్లు గుర్రపు బండ్లకు బిగిస్తే, ఒక జత 1,200 మైళ్లు నడిచిందట. అప్పటికి ఇంకా పెడళ్ల సైకిలే వాడుకలో లేదు. డన్‌లప్ పేటెంటు చెల్లలేదు. కంపెనీకి ఆయన పేరు నిలిచింది గానీ, అది తెచ్చిపెట్టిన సంపద ఆయనకు దక్కలేదు.

1891లో మిషలిన్ సోదరులు ఊడదీసి మళ్లీ బిగించగల టైరు చేశారు. దాని మీద షార్ల్ తెరోఁ అనే రైడరు పారిస్ నుంచి బ్రెస్ట్ వెళ్లి తిరిగి 72 గంటల్లోపే వచ్చాడు. పంక్చరు అయితే దారిలోనే బాగు చేసుకోవచ్చని లోకానికి తెలిసింది.

ఫ్రేము వాళ్లూ ఊరుకోలేదు. బర్మింగ్‌హామ్‌లో మేకులు చేసే రేనాల్డ్స్ కుటుంబం 1897లో చివరలు మందంగా, నడుమ పలచగా ఉండే ట్యూబుకు పేటెంటు తీసుకుంది. 1935లో తెచ్చిన వాళ్ల 531 ఉక్కు తర్వాత జాగ్వార్ ఈ-టైప్ కారులోకి కూడా వెళ్లింది. అంతకు ముందే 1928లో రేనాల్డ్స్ కంపెనీ ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే సంస్థ చేతికొచ్చింది. ఆ సంస్థే 1949లో మద్రాసులో మురుగప్ప వాళ్లతో కలిసి టి.ఐ. సైకిల్స్ పెట్టింది. మన పల్లెల్లో పాలబిందెలు మోసిన హెర్క్యులెస్ ఆ ఇంటి బండే. దాని 28 అంగుళాల చక్రానికి ఒకటిన్నర అంగుళాల టైరు. దేశమంతా గతుకుల రోడ్ల మీద దాన్ని నిశ్చింతగా తొక్కింది.

రేసులవాళ్లు మాత్రం ఎదురు దారి పట్టి సన్న టైర్ల వైపు వెళ్లారు. వాళ్లకు భిన్నంగా, ఫ్రాన్సులోని సెయింట్ ఎటియెన్‌లో వెలోసియో పేరుతో రాసే పాల్ ద వివీ వెడల్పు టైరు మేలని తన పత్రికలో వాదిస్తూనే ఉన్నాడు. ఆ మాట విని రెనే ఎర్స్ లాంటి ఫ్రెంచి పనివాళ్లు తేలికైన బండ్లకు వెడల్పు, పలచని టైర్లు వేశారు. ఆ పరంపర అణగిపోవడం నిజమైన నష్టమని నా నమ్మకం. 1980లు, 90లలో 20 నుంచి 23 మిల్లీమీటర్ల టైరులో రాయిలా గాలి బిగించి, ఆ తర్వాత ఫ్రేముల్లో మెత్తదనం వెతుక్కున్నారు. 1994లో పారిస్-రూబె పందెం బండరాళ్ల దారిలో యోహాన్ ముసేవ్ అనే రైడరు ముందూ వెనకా సస్పెన్షన్ ఉన్న బియాంకి సైకిల్ మీద దిగాడు, అది దారిలో విరిగింది. విప్పెట్ సమస్యను నూట తొమ్మిదేళ్ల తర్వాత స్ప్రింగులతోనే తీర్చబోయారు.

ఇప్పుడు అదే పందెంలో 30 మిల్లీమీటర్లు దాటిన టైర్లు గెలుస్తున్నాయి. గాలి కూడా తగ్గించారు. అమెరికన్ రచయిత ఫ్రాంక్ బెర్టో చెప్పిన కొలత ఇప్పటికీ పనికొస్తుంది: మనిషి ఎక్కి కూర్చున్నప్పుడు టైరు తన ఎత్తులో సుమారు 15 శాతం కుంగాలి. కొత్త రోడ్ బైక్ కొనేవాళ్లు కార్బనా, టైటానియమా, ఉక్కా అని అడిగే ముందు ఫోర్కు మధ్యలోనూ, వెనక చక్రాన్ని పట్టుకునే గొట్టాల మధ్యలోనూ ఎంత వెడల్పు టైరు పడుతుందో అడగాలి. సన్న టైరు మాత్రమే పట్టే ఫ్రేము ఎంత ఖరీదైనదైనా నేనైతే కొనను.