సిరిసిల్లలో ఆడవాళ్ల సభ

1935లో, నిజాం రాజ్యంలోని సిరిసిల్లలో రెండు సభలు జరిగాయి. ఒకటి నాలుగో ఆంధ్ర మహాసభ. దానికి అధ్యక్షుడు మాడపాటి హనుమంతరావు. దాని గురించి చరిత్ర పుస్తకాలు బాగానే రాశాయి. రెండోది ఆడవాళ్ల సభ, నాలుగో ఆంధ్ర మహిళా సభ. అధ్యక్షురాలు ఆయన భార్య మాణిక్యమ్మ. పోటీ పరీక్షల పుస్తకాల్లో ఆమెకు దక్కింది ఒక్క లైను. నాకు ఎప్పుడూ ఆ లైను దగ్గరే కన్ను ఆగిపోతుంది.

మద్రాసులో దుర్గాబాయి పెట్టిన ఆంధ్ర మహిళా సభ వేరు. ఇది అంతకు ముందే, 1930లో జోగిపేటలో నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మొదలైంది. ఖమ్మంలో ఎల్లాప్రగడ సీతాకుమారి, నిజామాబాదులో నందగిరి ఇందిరాదేవి అధ్యక్షత వహించారు. ఊరు మారినా అడిగినవి దాదాపు అవే: ఆడపిల్లలకు బడి కావాలి, బాల్యవివాహాలు ఆగాలి, పరదా పోవాలి. బ్రిటిష్ ఇండియాలో 1930 నుంచి శారదా చట్టం అమలైంది కానీ నిజాం రాజ్యానికి అది వర్తించలేదు. ఇక్కడ పదేళ్ల పిల్లకు పెళ్లి చేస్తే ఆ చట్టం అడ్డుపడేది కాదు.

బడి సంగతి మరీ కష్టం. పై చదువు ఎక్కువగా ఉర్దూలో, ఇంట్లో మాట తెలుగులో. 1921లో హైదరాబాదులో జరిగిన సంఘ సంస్కరణ సభలో అల్లంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచే, తర్వాత ఆంధ్ర మహాసభగా మారిన ఆంధ్ర జన సంఘం పుట్టింది. ఆనాటి సభకు అధ్యక్షుడు కార్వే, ఆడవాళ్ల కోసం ఏకంగా విశ్వవిద్యాలయమే పెట్టిన మనిషి. ఏడేళ్ల తర్వాత, 1928లో, మాడపాటి హైదరాబాదులో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల పెట్టారు. దానికి గుర్తింపు దొరికింది ఆ కార్వే విశ్వవిద్యాలయం నుంచే. సొంత రాజ్యంలోని ఆడపిల్లలు సొంత భాషలో చదవడానికి పరాయి రాష్ట్రం గుర్తింపు కావాల్సి వచ్చింది!

ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఆ సభలు నడిపింది ఎక్కువగా కలిగిన ఇళ్ల ఆడవాళ్లే. బండికి గుడ్డ కట్టుకుని ప్రయాణం చేసే ఇళ్ల నుంచి వచ్చి, పదిమందిలో లేచి మాట్లాడటం వాళ్లకు చిన్న సాహసం కాదు. కానీ పొలంలో నాట్లేసే ఆడమనిషికి, మగ్గం పక్కన కండెలు చుట్టే ఆమెకు పరదా ఎప్పుడూ లేదు. బడీ లేదు. వాళ్ల బిడ్డల దాకా చదువు రావడానికి ఇంకా చాలా ఏండ్లు పట్టింది.

మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల వాడల్లో ఆ చదువుకు చాలా ఇళ్లల్లో పెట్టుబడి పెట్టింది బీడీలే. మగవాళ్లు దుబాయికో మస్కట్‌కో పోతే, ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టి, అమ్మలు ఫీజులు కట్టారు. ఆ పొడికి దగ్గు వచ్చినా, నడుము వంగిపోయినా, పొద్దుగూకేదాకా చేతులు ఆడాల్సిందే.

మెట్‌పల్లిలో ఒక ఇంట్లో చూశాను. కార్ఖానా నుంచి వచ్చిన తల్లి లెక్క పుస్తకం తెచ్చి బిడ్డ చేతిలో పెట్టింది. బిడ్డ ఇంటర్ చదువుతోంది. వేలు పెట్టి ఒక్కో అంకె చదివింది. రెండు వందల బీడీలు తక్కువ రాశారు. తల్లి కాళ్లు కూడా కడుక్కోకుండా చెప్పులేసుకుని, బిడ్డను వెంటబెట్టుకుని మళ్లీ కార్ఖానాకు బయలుదేరింది.