అమ్మమ్మ పాట మీద కొత్త పాట

మొన్నామధ్య పూతరేకుల కోసం ఆత్రేయపురం వెళ్ళాను. దుకాణంలో కొనుక్కొస్తే నాకు తృప్తి ఉండదు, రేకు తీసేచోట కాసేపు కూర్చోవాలి. బోర్లించిన కుండ, లోపల ఎండు కొబ్బరాకుల మంట. పిండిలో ముంచిన పల్చటి గుడ్డ కుండ మీద ఇలా పరిచి అలా తీస్తే చాలు, రేకు లేచి వస్తుంది. రేకులు తీస్తున్నావిడ పక్కన డబ్బాకి చేరేసిన సెల్‌ఫోను ఏదో పాట పాడుతోంది. నేనెన్నడూ విన్నది కాదు.

“ఈ పాటెక్కడిదమ్మా?” అన్నాను.

“మా ఆడపడుచు వాట్సాప్‌లో పంపిందండీ. పాడిందెవరో తెలీదండి. బాగుందని మా తోటికోడలికి కూడా పంపేశాను” అందావిడ చెయ్యి ఆపకుండా.

ఆలోచిస్తే కొత్త పాట ఎప్పుడూ ఇలా మనిషి నుంచి మనిషికే వచ్చింది. మా అమ్మమ్మ కాలంలో పాటలు కాపరానికెళ్ళే ఆడపిల్లలతో పాటు ఊళ్ళు మారేవి. పుట్టింటి పాత మంగళహారతే అత్తింట్లో కొత్త పాట! 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం, 1957లో వివిధ భారతి వచ్చాయి. రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలు వేస్తుంటే, పొయ్యిమీద కూర మాడినా మా అమ్మా వాళ్ళూ కదిలేవారు కారట. కోరిన పాట కోసం కార్డుముక్క రాసి, రేడియోలో తమ పేరూ, ఊరి పేరూ చదివితే పండగే. ఈనాటి ‘లైకు’లకి తాతమ్మ ఆ కార్డే కదూ!

ఆ తర్వాత కేసెట్లు. ఇక్కడ నా నేరం ఒకటి ఒప్పుకోవాలి. మా మావయ్య ఒకసారి టేప్‌రికార్డరు తెచ్చి, అమ్మమ్మ చేత అప్పగింతల పాట పాడించి పట్టాడు. 1995లో పదో తరగతి సెలవుల్లో, ఖాళీ కేసెట్టు దొరక్క, దాని మీదే ‘ప్రేమికుడు’ పాటలు ఎక్కించేశాను. అమ్మమ్మ కోప్పడలేదు. “పోనీలేవే, నా పాటకేముంది, అందరూ పాడేదేగా” అంది. ఆవిడ పోయాక చూసుకుంటే, ఆ పాటలో రెండో చరణం మా ఇంట్లో ఒక్కరికీ రాదు.

2016లో జియో వచ్చి ఇంటర్నెట్ చౌకయ్యాక పల్లెటూళ్ళలో ఆడవాళ్ళ చేతుల్లోకీ పాట వచ్చింది. అయితే వినడం ఒక్కటే కాదు సుమండీ. రేడియోలో పాడాలంటే ఆడిషన్ నెగ్గాలి. రంగంపేట మండలం వడిసలేరులో కూలిపని చేసుకునే పసల బేబికి ఏ ఆడిషనూ లేదు. 1994లో రెహమాన్ స్వరపరచిన ‘ప్రేమికుడు’లోని ‘ఓ చెలియా’ ఆమె పాడితే, ఫోనులో పట్టిన ఆ పాట చేతులు మారి మారి ఊళ్ళు దాటింది. 2018 నవంబరులో రెహమానే దాన్ని తన ఫేస్‌బుక్ పేజీలో పెట్టారు. పాడిందెవరో అప్పటికి ఆయనకీ తెలీదు!

మద్రాసులో బయల్దేరిన పాట 24 ఏళ్ళకి మన పల్లెటూరి గొంతులో, కట్టినవాడి చెవికే తిరిగి చేరింది. తర్వాత ఆమె పేరు తెలిసింది గనక రఘు కుంచె ‘మట్టి మనిషినండి నేను’ పాడించారు. పేరు తెలియకపోయుంటే? బాగుందనుకుని మనమంతా ఇంకొకరికి పంపేసి ఊరుకునేవాళ్ళం.

నేను అమ్మమ్మ పాట మీద ఎక్కించిందీ ఆ సినిమా పాటలే. బేబి పాడుతుంటే వింటూ, మెచ్చుకోవాలో ఏడవాలో తెలీక కూర్చున్నాను ఆవేళ.

పూతరేకుల పొట్లం కట్టించుకుని లేవబోతూ, “మీరూ పాడతారా?” అనడిగాను.

ఆవిడ సిగ్గుపడింది. “మాదేం పాటండీ, అందరూ పాడేదే.”

అచ్చం అమ్మమ్మ మాట! ఈసారి మాత్రం నేను ఊరుకోలేదు. బతిమాలి ఒప్పించి, ఫోను తీసి, రెండో చరణంతో సహా పట్టాను. మా చెల్లెలికి పంపేటప్పుడు ముందు ఆవిడ పేరు రాశాను. ఆ తర్వాతే పాట పంపాను.